పదిహేను వందల పైన ఎంత?

పోయినవారం మనం చుక్కలమ్మని ఆసుపత్రి మెట్లమీద, రెండో అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య, చేతిలో మూడు కాగితాలతో వదిలేశాం. వారంరోజులపాటు అలా నిలబెట్టినందుకు ఇంకొకరైతే మనకి శాపనార్థాలు పెట్టేవాళ్ళే. ఆవిడకి అంత తీరిక లేదు. తమ్ముడికి ప్రాణం మీదికొచ్చింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. చుక్కలమ్మ ఈ ఆసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తున్న మనిషి. "ఒక్క చుక్క ఇవ్వండి చాలు, జాతకం చెప్పేస్తా" అని అందరితోనూ అని అని ఆ పేరు తనే తెచ్చుకుంది. ఆవిడ తమ్ముణ్ణి బుల్లోడు అంటారు. ఆరడుగుల రెండంగుళాల బుల్లోడు. ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతాడు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా ఒక్క రోజు జలుబు చేసి ముక్కు చీదిన పాపాన పోలేదు. అలాంటివాడికి ఈ వైరస్ జ్వరం వచ్చి ఇవాళ్టికి పదో రోజు. ఏడో రోజుకి జ్వరం దిగింది, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. అనుకున్న మర్నాడే ఊపిరాడక ఐసీయూలో చేరాడు.

ఇవాళ పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరు అన్న మాటలు గుర్తున్నాయిగా? "ఒంట్లో మంట ఎంతుందో చెప్పే పరీక్ష మూడురోజులనించీ పెరగలేదు. అంచేత ఇది వైరస్ పనే, ఓపిక పట్టాలి. సాయంత్రానికి తేరుకోకపోతే గొట్టం వేసి మిషను మీద పెడదాం." ఆ 'పెరగలేదు' అన్న మాట చుక్కలమ్మకి పంటికింద రాయిలా తగిలింది. ల్యాబుకి దిగి వెళ్తూ మెట్లమీద ఆగి మూడురోజుల రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసింది. ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. అక్కడ ఆపాం కథని.

ఏం చూసిందంటే, ఇదీ.

ఆ పరీక్ష పేరు ఫెరిటిన్. మొదటిరోజు కాగితంమీద '1500 కంటే ఎక్కువ' అని ఉంది. రెండోరోజు '1500 కంటే ఎక్కువ'. మూడోరోజూ అదే. మూడింటికిందా ఆవిడ సంతకమే, ఎప్పట్లాగే తోక ఎడమకి తిప్పి.

మూడురోజులూ ఒకే అంకె అని డాక్టర్లు అనుకున్నారు. నిజానికి అది మిషను చేతులెత్తేసిన చోటు. ఇంట్లో బరువు చూసుకునే కాటా వంద కిలోల దగ్గర ఆగిపోయేదైతే దానిమీద పహిల్వాను ఎక్కినా వందే, ఏనుగు ఎక్కినా వందే. ల్యాబులో మిషను పదిహేను వందల దాకా లెక్కపెడుతుంది. ఆ పైన దానికి తెలియదు. తెలియాలంటే మనిషి చెయ్యి పడాలి. నెత్తుటి పైతేట ఒక పాలు, ఉప్పునీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపి, మళ్ళీ మిషనుకి పెట్టి, వచ్చినదాన్ని పదితో హెచ్చవేయాలి. ల్యాబువాళ్ళు దీన్ని పలచన చేయడం అంటారు. కష్టమైన పనేమీ కాదు, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుందంతే.

మరి ఎందుకు చేయలేదూ? రెండు నెలల కిందట జనం తండోపతండాలుగా వచ్చిపడ్డప్పుడు ల్యాబులో అందరూ కూచుని పని ఎలా తగ్గించుకోవాలా అని మాట్లాడుకున్నారు. అప్పుడొకరు అన్నారు: "పదిహేను వందలు దాటిందంటే ఎలాగూ ఎక్కువే కదా, ఎంత ఎక్కువైతే ఏమిటి? కొంప మునిగిందని తెలిశాక నీళ్ళు మోకాల్లోతా, పీకల్లోతా అని కొలుచుకుంటూ కూచుంటామా?" అందరూ ఘొల్లున నవ్వారు. ఆ రోజునించీ పలచన చేయడం ఆగిపోయింది.

ఆ మాట అన్నది చుక్కలమ్మే.

మెట్లమీద అది గుర్తొచ్చి ఆవిడ గోడ పట్టుకుంది. ఒక్క నిమిషం, అంతే. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని రెండేసి మెట్లు చొప్పున దిగింది. యాభై ఒక్కేళ్ళ మనిషి అలా దిగడం చూసి కింద వరసలో నిలబడ్డవాళ్ళు దారిచ్చారు.

ల్యాబులో పాత నమూనాలు వారంరోజులు ఫ్రిజ్‌లో దాచే అలవాటుంది. అది మాత్రం ఏ రద్దీలోనూ మానలేదు, అదృష్టం. బుల్లోడి మూడు గొట్టాలూ రెండో అరలో ఉన్నాయి. తీసింది. తీసి, ఫ్రిజ్ తలుపు వేయబోయి ఆగింది. ఆ అరలోనే ఇంకా పదకొండు మందివి, అదే 'కంటే ఎక్కువ' అని రాసి పంపేసినవి, మూతల మీద నంబర్లతో వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్ళకీ అక్కలుంటారు. కాకపోతే ఆ అక్కలు ల్యాబులో ఉద్యోగం చేయరు.

"ఇవి కూడా," అని తనలో తనే అనుకుని అన్నీ బల్లమీద పెట్టింది.

ముందు తమ్ముడివి పెట్టింది, అందులో మొహమాటం ఏమీ లేదు. మొదటిరోజుది పలచన చేస్తే రెండువేల తొమ్మిది వందలు వచ్చింది. నిన్నటిది ఎనిమిదివేల నాలుగు వందలు. ఇవాళ్టిది పదింతలు పలచన చేసినా మిషను మళ్ళీ చేతులెత్తేసింది. ఆవిడ వందింతలు చేసింది. మళ్ళీ ఇరవై నిమిషాలు. కుర్చీలో కూర్చోలేక కిటికీ దగ్గరికీ మిషను దగ్గరికీ తిరిగింది. చివరికి తెరమీద అంకె వచ్చింది. ముప్పై ఒక్క వేలు.

"ఓరి నాయనో," అంది పైకే.

పక్కగదిలో ముక్కు నమూనాలు చూసే మిషను ఉంది. అక్కడికి వెళ్ళి బుల్లోడివి పాతవీ కొత్తవీ తీసి చూసింది. వారం కిందట వైరస్ పొంగిపొర్లుతూ ఉంది. ఇవాళ ఉందా లేదా అన్నట్టుంది. దొంగ ఎప్పుడో పారిపోయాడు. మరి ఇల్లెందుకు కూలుతోంది? ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఆ ప్రశ్నకి జవాబు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కాగితాలన్నీ చుట్టచుట్టి, ఈసారి మెట్లు ఎక్కింది.

*

పెద్ద డాక్టరుకి ఆసుపత్రిలో ఆధారం డాక్టరని పేరు. ఆధారం చూపించనిదే మంచినీళ్ళు కూడా తాగడని నర్సుల ఎగతాళి. మనిషి మంచివాడే, మాటే ముక్కుసూటి. ఐసీయూ పక్కన ఆయన గది ఎంతుంటుందంటే, ఇద్దరు నిలబడితే మూడోవాడు తలుపవతల నిలబడాలి.

"సార్, రెండు నిమిషాలు."

"ఒకటి," అన్నాడాయన తల ఎత్తకుండా. "మీ తమ్ముడి గురించే అయితే పొద్దున చెప్పిందే చెబుతాను. చుక్కలమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ బాధ ఆధారం కాదు."

"అందుకే ఆధారం తెచ్చాను," అని కాగితం ఆయన ముందు పెట్టింది.

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇదేమిటి? పదిహేను వందలన్నారుగా?"

"పదిహేను వందల కంటే ఎక్కువ అన్నాం సార్. ఆ ఎక్కువ ఎంతో మేం చూడలేదు. మీరూ అడగలేదు."

"నేనూ అడగలేదా!" ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "మూడురోజులనించీ మీ కాగితం చూసి పెరగట్లేదు, పెరగట్లేదు అని గుండెమీద చెయ్యేసుకుని కూచున్నానమ్మా! నిన్ననే తెలిసుంటే నిన్ననే మందు మార్చేవాణ్ణి. పలచన చేయడం ఎవరు మానేశారు?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం, ఆవిడ కూడా ఆగింది కాబట్టి. 'అందరం కలిసి అనుకున్నాం సార్' అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. తొమ్మిదిమంది చేతులెత్తారు, రిజిస్టర్లో సంతకాలున్నాయి. తప్పుని తొమ్మిది ముక్కలు చేస్తే ఒక్కొక్కరి వాటా చిటికెడు.

"నేను," అంది చుక్కలమ్మ. "నా సలహాయే. కొంప మునిగాక నీళ్ళలోతు కొలవడమెందుకని నేనే అన్నాను. కొలవాలి సార్. మోకాల్లోతైతే మనిషి తనే నడిచొస్తాడు. పీకల్లోతైతే మనం దూకి లాగాలి. మీరు నన్ను ఏమైనా అనండి, రాతపూర్వకంగా అనండి, సంతకం పెడతాను. కానీ తర్వాత అనండి. ముందు ఈ రెండో కాగితం చూడండి."

ఆయన గొంతులోదాకా వచ్చిన మాట మింగి రెండో కాగితం చూశాడు. వైరస్ లెక్క.

"వైరస్ పోయింది," అన్నాడు నెమ్మదిగా.

"పోయింది."

"మనిషి దిగజారిపోతున్నాడు."

"వైరస్‌ని కొట్టడానికి లేచిన బలగం ఇంకా కూచోలేదు సార్. శత్రువు లేడని దానికెవరూ చెప్పలేదు. ఊపిరితిత్తుల్నే బాదుతోంది."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆయనకి ఇది కొత్త సంగతేమీ కాదు. పుస్తకంలో చదివాడు, మంచాల మీద చూశాడు. ఒంట్లో కాపలా కాసే శక్తి హద్దు దాటి తుపానులా లేస్తే దాన్ని అణచడానికి మందుంది. రోజూ ఇస్తున్న చిన్న డోసు స్టెరాయిడ్ దానికి చాలదు, గట్టి ఇంజెక్షనే పడాలి. కానీ అది అణిచేది మొత్తం కాపలానే. తుపానుని ఆపుతుంది, పోలీసుల్నీ ఇంటికి పంపేస్తుంది.

"నా భయం కూడా వినండి," అన్నాడు వెనక్కి తిరిగి. "ఐసీయూలో మూడురోజులుగా ఉన్న మనిషి. చేతికి సూదులు, గొట్టాలు. వైరస్‌తో పాటు ఏ బాక్టీరియా అయినా నెత్తుట్లో దూరి ఉంటే? ఈ ఫెరిటిన్ దానివల్ల కూడా పెరుగుతుంది, మీకు తెలుసు. అప్పుడు కాపలా తీసేస్తే ఇరవై నాలుగు గంటల్లో నేనే చంపినవాణ్ణవుతాను. నిన్న రక్తం తీసి కల్చర్‌కి పంపాం. అందులో ఏమీ మొలవలేదని తేలడానికి రెండు రోజులు పట్టాలి."

"నాలుగు సీసాలు, ఇరవై ఆరు గంటలైంది. ఒక్కదాంట్లోనూ కదలిక లేదు. ఇప్పుడే చూసొచ్చాను."

"ఇరవై ఆరు నలభై ఎనిమిది కాదు."

"నలభై ఎనిమిది దాకా వాడుంటాడా సార్?"

జవాబుకి బదులు ఆయన ఇంకో ప్రశ్న వేశాడు, పదునైనది. "నిజం చెప్పండి. ఆ మంచంమీద ఉన్నది మీ తమ్ముడు కాకపోతే ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేవారా?"

చుక్కలమ్మకి చెంప ఛెళ్ళుమన్నట్టైంది. కళ్ళు తిప్పుకోలేదు మాత్రం.

"చూసేదాన్ని కాదు," అంది. "అందుకే ఒక్క వాడివే పెట్టలేదు. అదే ముక్క రాసి పంపిన ఇంకో పదకొండు మందివి కూడా మిషన్లో ఉన్నాయి. నాలుగో మంచం పెద్దాయనది ఇప్పుడే వచ్చింది. పద్దెనిమిది వేలు. ఆయన్ని కూడా మనం బాగానే ఉన్నాడనుకుంటున్నాం సార్."

ఆధారం డాక్టరు ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత బల్లమీది ఫోన్ తీసి నర్సుకి నాలుగో మంచం ఫైలు తెమ్మన్నాడు. ఫోన్ పెట్టేసి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"మందు వేద్దాం. దానికి ముందు రెండు చేతులనించీ మళ్ళీ రక్తం తీసి కొత్తగా కల్చర్ పెట్టండి. తోడుగా నేను యాంటీబయాటిక్ వేస్తాను, కానీ మొండి పురుగైతే దానికి లొంగదు, గుర్తుంచుకోండి. భార్య సంతకం కావాలి. మందు గంటసేపు బొట్టుబొట్టుగా ఎక్కుతుంది. ఎక్కుతున్నంతసేపూ ఆపొచ్చు. ఎక్కేశాక నాలుగువారాలు ఒంట్లోనే ఉంటుంది, దేవుడొచ్చినా వెనక్కి తీయలేడు. అంచేత ఆ సీసాల్లో ఏ కదలిక వచ్చినా మొదటి ఫోను నాకు. మీకు నిర్ధారణ అయ్యాక వద్దు. అనుమానం వచ్చిన క్షణంలో చేయాలి. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"ఇంక ఆ కొంప మునిగే జోకు ల్యాబులో ఎవరూ వేయకూడదు."

"నేనుండగా వేయరు," అంది.

*

వరండా బెంచీమీద బుల్లోడి భార్య కూచుని ఉంది. హైస్కూల్లో లెక్కల టీచరు. మూడురోజులనించీ ఒకే సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉంటోంది. ఎవరైనా పలకరిస్తే తిన్నాను, పడుకున్నాను అని రెండబద్ధాలు చెప్పి పంపేస్తోంది. చుక్కలమ్మ పక్కన కూచుని సంతకం కాగితం ఇచ్చింది. ఆ పిల్ల మొత్తం చదివింది, చిన్న అక్షరాలతో సహా.

"వదినా, దీంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించే మందు అని ఉంది."

"అవును."

"తగ్గించడమా? ఆయనకి ఇంకా శక్తి రావాలని నేను ఇక్కడ కూచుని రాయికీ రప్పకీ మొక్కుతుంటే, ఉన్నది తీసేస్తారా? మీకు మతి ఉండే మాట్లాడుతున్నారా?"

"ఉండే మాట్లాడుతున్నా, విను. ఇంట్లో దొంగపడ్డాడని కేకేశాం. చుట్టాలూ పక్కాలూ కర్రలు పట్టుకుని వచ్చారు. దొంగని తన్ని తరిమేశారు. బాగానే ఉంది. కానీ ఇంకా కేకలు ఆగలేదు, కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. చీకట్లో కనిపించిన ప్రతిదాన్నీ దొంగే అనుకుని తలుపులు, కిటికీలు, కుండలు అన్నీ బాదేస్తున్నారు. వీడు బలమైనవాడు కదా, వచ్చినవాళ్ళు కూడా బలమైనవాళ్ళే. ఇప్పుడు ఆ ఇంటికి ఇంకా మనుషుల్ని పంపాలా, చాల్లే ఆపండ్రా అని అరవాలా?"

ఆ పిల్ల కాగితంమీదినించి తల ఎత్తింది.

"కంచే చేను మేస్తోందంటారు."

"అంతే."

"మరి పొద్దున డాక్టరుగారు ఏమీ పెరగలేదన్నారు?"

ఇదే, ఈ ప్రశ్నకే చుక్కలమ్మ మెట్లు ఎక్కినప్పటినించీ భయపడుతోంది. డాక్టరు దగ్గర తప్పు ఒప్పుకోవడం ఒక ఎత్తు, ఈ పిల్ల దగ్గర ఒక ఎత్తు. అయినా దాచలేదు. మిషను సంగతి, పలచన సంగతి, తన సలహా సంగతి, తన మూడు సంతకాల సంగతి, ఏదీ మింగకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కాగితం అంచుని మడతపెడుతూ విప్పుతూ ఉంది.

"మూడురోజులు," అంది చివరికి. "మూడు కొలతలూ ఒకేలా వస్తే కొలబద్దని అనుమానించండి అని ఎనిమిదో తరగతి పిల్లలకి చెబుతాను నేను. వాళ్ళకి తెలుసు వదినా. పదమూడేళ్ళ వెధవలకి తెలుసు."

"తిట్టు. నీకా హక్కుంది."

"తిట్టను. తిడితే మీకు తేలికైపోతుంది." పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో, బోర్డుమీద రాసినంత శుభ్రంగా సంతకం పెట్టింది. "ఆయన లేచాక మీరే చెప్పాలి ఆయనకి. నేను పక్కనుండి వింటాను."

"చెబుతాను," అంది చుక్కలమ్మ. లేచాక అన్న మాట ఆ పిల్ల అంత ధీమాగా అనడం విని ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకునే తీరిక లేక అలాగే లేచింది.

*

మందు వేలాడదీసే ముందు తనే రెండు చేతులనించీ రక్తం తీసింది. బుల్లోడి మొహంమీద ఆక్సిజన్ ముసుగు బుస్సుబుస్సుమంటోంది. నీళ్ళలో రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి పిల్లలచేత చప్పట్లు కొట్టించుకునేవాడు, ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య నాలుగేసి ఊపిర్లు తీసుకుంటున్నాడు.

"అక్కా... పరీక్ష... అయిందా?"

"అయింది."

"ఎన్నొచ్చాయి... మార్కులు?"

"ముప్పై ఒక్క వేలు."

ముసుగు లోపల ఆవిరి పట్టింది. నవ్వుతున్నాడు, దుర్మార్గుడు. "నా జన్మలో... అన్ని... రాలేదు. నాన్నకి... చూపించాల్సింది."

"నోర్మూసుకుని ఊపిరి తీసుకో," అంది అక్క. అని వాడి నుదుటిమీద చెయ్యి పెట్టింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. రెండూ పదికి ఆధారం డాక్టరు తన చేత్తోనే గొట్టంమీది చిన్న చక్రం వదులు చేశాడు. మొదటి బొట్టు పడింది.

ల్యాబుకి తిరిగొచ్చేసరికి చుక్కలమ్మ భుజాలమీద బరువు సగం దిగింది. మందు వెళ్తోంది. పదకొండు మందిలో ఇద్దరికి అంకె భయంగా ఉంది, తొమ్మిదిమందికి రెండువేలు, రెండున్నర వేలు, పర్వాలేదు. ఆ ఇద్దరివీ ఎర్రసిరాతో రాసి పైకి పంపింది. గోడకి అంటించిన పాత నిర్ణయం కాగితం చింపి చెత్తబుట్టలో వేసింది. 'పదిహేను వందలు దాటితే పలచన చేయందే సంతకం లేదు' అని పెద్దక్షరాలతో కొత్త కాగితం రాసి, అంటించడానికి జిగురు కోసం సొరుగు లాగింది.

అప్పుడు మోగింది.

మూలనున్న వెచ్చటి పెట్టెలో కల్చర్ సీసాలుంటాయి. ఏదైనా సీసాలో ప్రాణం ఉన్నది మొలిస్తే పెట్టె కూస్తుంది, ఆ సీసా పక్కన ఎర్రదీపం వెలుగుతుంది. రోజుకి నాలుగైదుసార్లు కూసేదే. ఎవరూ ఉలిక్కిపడరు. చుక్కలమ్మ జిగురుడబ్బా వదిలేసి వెళ్ళి చూసింది.

నిన్నటి సీసా. కుడిచెయ్యి. బుల్లోడిది.

గడియారం రెండూ ముప్పై రెండు. మందు వేలాడదీసి ఇరవై రెండు నిమిషాలు. మూడోవంతు పైగా లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది, మిగతాది ఇంకా సీసాలోనే ఉంటుంది.

నాలుగు సీసాల్లో ఒక్కటే. ఒక్కదాంట్లోనే మొలిస్తే సాధారణంగా అది చర్మంమీద ఉండే పురుగు, సూది గుచ్చినప్పుడు దానితో పాటు దిగింది, మనిషికి ఏ హానీ లేదు. నూటికి డెబ్బైసార్లు అంతే. ఇరవై రెండేళ్ళ అనుభవం ఆవిడ చెవిలో ఎంత చల్లగా చెప్పిందో: 'చర్మం పురుగేలే. మందు ఆపితే తుపాను మింగేస్తుంది వాణ్ణి. ముందు తేల్చుకో, తర్వాత చెబుదువుగాని.'

'ఎంత ఎక్కువైతే ఏమిటి' అని చెప్పింది కూడా ఈ అనుభవమే కదా.

చుక్కలమ్మ ఫోన్ తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది. రెండు చేతులూ అప్పటికే సీసామూత తుడుస్తున్నాయి.

"సార్, నిన్నటి కుడిచెయ్యి సీసా కూసింది. ఒక్కటే. ఏమిటో తెలియదు. ఐదు నిమిషాల్లో రంగేసి చూస్తాను."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు. అడుగుల చప్పుడు. "చక్రం బిగించాను. బొట్టు ఆగింది. ఎక్కువసేపు ఆపలేను చుక్కలమ్మా, ఆక్సిజన్ ఇంకా పడుతోంది. వేలు చక్రంమీద పెట్టుకునే నిలబడ్డాను. లైన్లో ఉండండి."

ఒక్క చుక్క గాజుపలకమీద పరిచింది. ఆరబెట్టింది. ఊదారంగు పోసింది, కడిగింది, ఎరుపు పోసింది, కడిగింది. వేలసార్లు చేసిన పని. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఊదారంగు గుత్తులు కనిపిస్తే చర్మం పురుగనుకోవచ్చు, చక్రం వదలొచ్చు. ఎర్రటి పుల్లలు కనిపిస్తే అది నెత్తుట్లో దూరిన నిజమైన శత్రువు, కాపలాని సగం ఇంటికి పంపేసింది తను తెచ్చిన కాగితాలే.

నూనెబొట్టు వేసి పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టి కన్ను ఆనించింది. మొదట అంతా మసక. మర వెంట్రుకవాసి తిప్పింది. మసకలోంచి రంగు పైకి తేలింది.

"ఏ రంగు?" అన్నాడు డాక్టరు.

ఒక్క చూపుతో చెప్పేసే మనిషి, పలకని పక్కకి జరిపి ఇంకోచోట చూసింది. మళ్ళీ జరిపి ఇంకోచోట చూసింది. మూడుచోట్లా అదే.

"చెబుతున్నాను సార్," అంది చుక్కలమ్మ. "మీ వేలు మాత్రం చక్రంమీద నించి తీయకండి."